అమ్మ పిలవని పేరు

నాకు కుదురు లేదు. ఈ మాట మొదట అమ్మ అంది, తరవాత మా ఆయన అన్నాడు, ఇప్పుడు ఆఫీసులో నా పక్క సీటావిడ కూడా అంటోంది. తమ్ముడు పోయాక పట్టుకున్న జబ్బు ఇది. కుర్చీలో కూచుంటే కాళ్లు వాటంతటవే లేస్తాయి. టీ గిన్నె పొయ్యి మీద పెట్టి ఊరికే గేటు దాకా వెళ్లొస్తాను, ఈలోగా టీ కాస్తా పొంగి పొయ్యి పాలవుతుంది. "కాలు కాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు" అని అమ్మ కసురుతుంది. తనేదో కుదురుగా ఉన్నట్టు! ఏరేసిన బియ్యాన్నే పళ్లెంలో పోసుకుని మళ్లీ ఏరుతూ ఉంటుంది. ప్యాకెట్ బియ్యంలో రాళ్లెక్కణ్ణించి వస్తాయమ్మా అంటే, చూడకపోతే ఎలగ తెలుస్తాది అంటుంది.

ఆ తిరుగుడే పరుగైంది. పొద్దున్నే రాయపూర్లో, మోవా పేటలోని మా ఇంటి దగ్గర బయల్దేరి పండరీ బట్టల బజారు దాకా వెళ్లి రావడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో నడిచేదాన్ని. నడుస్తుంటే ఆలోచనలు కూడా నాతోబాటే తీరిగ్గా నడిచేవి. వాటిని వదిలించుకోడానికి పరిగెత్తడం మొదలుపెట్టాను. నలభై దాటిన ఆడమనిషి సల్వార్ కమీజు మీద బూట్లేసుకుని పరిగెడుతుంటే చూసి, పాల ప్యాకెట్లు దింపేవాడు "దీదీ, బస్సు పోయిందా?" అని జాలిపడ్డాడు. "నీ పాలు విరిగిపోతాయి, నీ పని చూసుకో" అన్నాను. తరవాత్తరవాత వాడే చెయ్యెత్తి పలకరించేవాడు.

మాది శ్రీకాకుళం వైపు. తాత రైలు పట్టాల పనికి ఇటు వచ్చాడు. నాన్న రాయపూర్లోనే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరయ్యాడు. నేనూ తమ్ముడూ ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాం. వీధిలో హిందీ, ఇంట్లో అమ్మ తెలుగు, రెంటికీ మధ్య మాదొక కిచిడీ. ఇంతకీ మా నాన్న చేసిన ఒక పని గురించి చెప్పకపోతే మిగిలిందేదీ అర్థం కాదు. మమ్మల్ని బడిలో వేసేటప్పుడు ఆయన మన పద్ధతిలో ముందు ఇంటిపేరు, తరవాత అసలు పేరు రాయించాడు. ఎందుకు రాయించడూ, మనకి అదే కదా తెలిసింది. ఇక్కడివాళ్లకి ముందు ఉన్నదే మనిషి పేరు, వెనకున్నది వంశం. దాంతో బడిలో మాస్టార్లు నన్ను ఇంటిపేరు పెట్టి పిలిచేవారు. పదేళ్ల తరవాత అదే బడికి వెళ్లిన తమ్ముణ్ణీ ఇంటిపేరుతోనే పిలిచారు. ఓ ముసలి మాస్టారు నాన్నని పట్టుకుని, ఇద్దరు పిల్లలకీ ఒకే పేరు పెట్టుకున్నారేమిటి, పేర్లకి కరువొచ్చిందా అని అడిగాడట. నాన్న ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ చెప్పాడు, దిద్దించడం మాత్రం మర్చిపోయాడు.

నేను పెళ్లి చేసుకుని ఆ పేరు వదిలించుకున్నాను. తమ్ముడు దాన్ని మోసుకుంటూ సాయుధ బలగంలో జవానుగా చేరాడు. యూనిఫాం వేసుకుని మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఛాతీ మీది పలకలో అదే ఉంది, ఇంటిపేరొక్కటే, తెల్లటి అక్షరాల్లో. "ఏంట్రా, నాన్న ఉద్యోగంలో చేరినట్టుంది" అన్నాను. "అక్కా, అక్కడ నా పేరు ఎవడికీ తెలీదు తెలుసా" అని వాడూ నవ్వాడు.

వాడి అసలు పేరు మా తాతది. తాత పోయాక పుట్టాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. పెట్టిన రోజునే అమ్మకి చిక్కొచ్చి పడింది. మావగారి పేరు కోడలి నోట రాకూడదు, వస్తే ఇంటి మగవాళ్లకి ఆయుక్షీణం అని వాళ్ల ఊళ్లో కట్టుబాటు. మావగారు పోయినా కట్టుబాటు పోదు. అందుకని అమ్మ కన్నకొడుకుని ఏ రోజూ పేరు పెట్టి పిలవలేదు. సిన్నోడా అనేది. వీధి చివరికి వినబడేలా, మెట్ల మీద నిలబడి, "ఒరే సిన్నోడా!" రేషను షాపులో పిల్లాడి పేరడిగితే నన్ను మోచేత్తో పొడిచేది, నేను చెప్పేదాన్ని. ఆస్పత్రిలో చీటీ రాసే దగ్గరా అంతే. శ్రీకాకుళంలో ఉన్న మా పిన్ని కోడళ్లు ఇప్పుడు మావగార్ల పేర్లతో జోకులేసుకుంటున్నారు. వలస వచ్చినవాళ్ల సంగతి వేరు. ఊరిని ఏ ఏడు వదిలారో ఆ ఏడులోనే ఆగిపోతారు.

ఇక్కడ నేను కూడా ఆ పేరు రాయడం లేదు. అది అమ్మ చెప్పవలసిన పేరు.

తమ్ముడు ఈ రాష్ట్రానికే దక్షిణాన ఉన్న అడవుల్లో పోయాడు. రోడ్డు వేస్తున్న చోట కూలీలకి కాపలాగా వెళ్లారు. తిరిగొచ్చే దారిలో మందుపాతర పేలింది. వాణ్ణి జెండా కప్పిన పెట్టెలో తెచ్చారు. పెట్టె తెరవకూడదన్నారు. ఎందుకు తెరవకూడదో నాన్నని పక్కకి తీసుకెళ్లి చెప్పారు, నాన్న అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అమ్మ పెట్టె పక్కన కూచుని దాని మీద అంటించిన కాగితాన్ని వేలితో చూపించింది. అమ్మకి హిందీ మాటలొచ్చుగాని అక్షరాలు రావు.

"ఏట్రాసుందే?"

చదివాను. హోదా, నంబరు, ఇంటిపేరు.

"అది మీ నాన్నోళ్ల ఇంటిపేరు గదేటి. నా కొడుకు పేరేదే?"

"వాడేనమ్మా. వాళ్లు అలాగే రాస్తారు."

"మీ నాన్నా అదే, మీ సిన్నాన్నా అదే. ఆ పేరుతో ఎవులైనా అవ్వొచ్చు" అంది అమ్మ.

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. నాన్న గట్టిగా ఏడ్చాడు, గట్టిగా తాగాడు, ఎక్కువ కాలం బతకలేదు. అమ్మ ఏడవలేదు. నేను అమ్మని మోవా తెచ్చుకున్నాను. గేటు చప్పుడైతే తల ఎత్తి చూస్తుంది, చూసి మళ్లీ బియ్యంలోకి వంగుతుంది. ఒక్కసారి ఏడిస్తే బాగుణ్ణు అనుకునేదాన్ని. ఎవరైనా ఏడవలేదని భయపడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ భయంతోనే నాకు కాళ్లు నిలిచేవి కావు.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక చలికాలం మొదట్లో రిటైరైన సుబేదారు ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఊళ్లో మాజీ సైనికులూ, పొద్దున పరుగులు తీసే నాలాంటి వాళ్లూ కలిసి, పోయిన జవాన్ల కోసం ఒక పరుగు పెడుతున్నారట. రైలు దారిలో ఉన్న తిల్దా అనే ఊరి నుంచి రాయపూర్ దాకా. ఒక్కొక్క జవానుకి దారిలో ఒక్కొక్క ముక్క. ఆ ముక్కని వాళ్లింటివాళ్లో, తోటి జవాన్లో అతని పేరున్న బనీను వేసుకుని పరిగెత్తాలి. చివరికి అందరూ రాయపూర్లో మైదానానికి చేరాక హాజరు పిలుస్తారు.

"క్యాంపులో రోజూ సాయంత్రం పేర్లు పిలుస్తాం, మాతాజీ. ఉన్నవాడు హాజిర్ అంటాడు" అని ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "ఇక్కడ తల్లి మూడుసార్లు పిలవాలి. లేనివాడి తరఫున మేమందరం హాజిర్ అంటాం."

అమ్మ పళ్లెం పక్కన పెట్టింది. "ఏ పేరుతో పిలవాల?" అని అడిగింది. నేను హిందీలో అడిగాను. ఆయన జేబులోంచి కాగితం తీసి ఇంటిపేరు చదివాడు.

"అది కాదని సెప్పు. ఆడి పేరుతో పిలుత్తానని సెప్పు."

"ఆ పేరేమిటి మాతాజీ?" అన్నాడాయన.

అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నేను చెప్పాను.

సుబేదారు మంచివాడు. బనీన్ల అచ్చుకి కాగితం వెళ్లిపోయింది, దాన్ని ఇప్పుడు మార్చలేం, కానీ హాజరులో తల్లి ఏ పేరు పిలిస్తే దానికే పలుకుతాం అన్నాడు. గుమ్మం దాటుతూ నాతో ఒక్కదానితో ఇంకో మాట అన్నాడు. ఆ సమయానికి చాలామంది తల్లులకి గొంతు పెగలదు, అలాంటప్పుడు కాగితంలో ఉన్న పేరు మేమే చదివేస్తాం, కంగారు పడకండి.

కంగారు పడకుండా ఎలా ఉంటాను? కాగితంలో ఉన్నది మళ్లీ ఆ ఇంటిపేరే. అంటే అమ్మ పిలిస్తే వాడు, పిలవలేకపోతే ఆ పెట్టె మీది కాగితమే. ఆయన స్కూటరు మలుపు తిరగ్గానే లోపలికొచ్చి అమ్మ ముందు నిలబడ్డాను.

"పిలుస్తానని చెప్పేశావు. ఆ పేరు నీ నోట ఎప్పుడైనా వచ్చిందా?"

"వత్తాదిలే."

"ఏదీ, ఒక్కసారి అను."

అమ్మ పెదవి కదిపింది. మొదటి అక్షరం దాకా వచ్చి అది దగ్గైపోయింది. మంచినీళ్లు తాగింది. మళ్లీ దగ్గే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే పని. అమ్మ గిన్నెలు తోముతుంటే వెనకాల నిలబడతాను. బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా నిలబడతాను. "అన్నావా?" "అంటాన్లే." "ఎప్పుడు?" "నువ్వు నా నెత్తి మీద కూకుంటే ఎలగంటానే? ఎల్లి పరిగెట్టుకో, ఎల్లు." ఒకసారి విసుగొచ్చి, పోనీ నేను పిలుస్తానమ్మా, నాకేం అడ్డు, అన్నాను. అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "నువ్వు కన్నావేటి?" అంది. బూట్లేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగుకి పోయాను.

అచ్చు మార్చం అన్నారు సరే, నాకు నేను ఒక బనీను వేయించుకుంటే ఎవరాపుతారు? పండరీకి వెళ్లాను. టోకు బట్టల దుకాణాల వెనక సందులో బనీన్ల మీద అచ్చులు వేసేవాడున్నాడు. ఒక్కటే కావాలంటే నవ్వాడు. "దీదీ, ఇక్కడ వందల్లో వేస్తాం, ఒక్కదానికి మిషను ఎవడు వేడి చేస్తాడు?" "నేను ఇక్కడే నిలబడతాను, ఎప్పుడు వేడైతే అప్పుడే వెయ్యి" అన్నాను. నిలబడ్డానో, అటూ ఇటూ తిరిగానో, అతని గిరాకీ అంతా నన్ను తప్పించుకుని వెళ్లాల్సొచ్చింది. చివరికి నన్ను వదిలించుకోడానికే వేసిచ్చాడు.

ఇంటికి తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. ఇదేనా అంది. ఇదే అన్నాను. అమ్మ అక్షరాల మీద ఒక్కొక్కదాని మీదా అరచేయి ఆనించి చూసింది. అచ్చు ఇంకా కొంచెం జిగురుగా ఉంది. చదవడం రానిదానికి అన్నేసి సార్లు తడిమితే ఏం తెలుస్తుందో నాకు తెలీదు. మడతపెట్టి తన చీరల మధ్య దాచుకుంది. పరుగు రోజు పొద్దున్న దాన్ని బతిమాలి తీసుకోవాల్సొచ్చింది.

నేను ప్యాసింజరు బండిలో తిల్దా వెళ్లాను. పరుగు అక్కడ మొదలవుతుంది, రాయపూర్ వాళ్ల ముక్కలు మాత్రం చివర్న వస్తాయి. మధ్యలో మమ్మల్ని మినీ బస్సులో తీసుకెళ్తారు. స్టేషను దిగేసరికి మిల్లుల నుంచి ఉప్పుడు బియ్యం ఉడుకుతున్న వాసన, ముక్కులో ఊక దుమ్ము. జెండాలు కట్టిన మైదానంలో పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ జనం "అమర్ రహే" అని అరుస్తున్నారు. మా వంతు వచ్చింది. మైకులో మా ఇంటిపేరు, జనం నోట అమర్ రహే. నాకు ఒళ్లు మండిపోయింది. మా తాత, నాన్న, చిన్నాన్న, వాళ్ల పిల్లలు, పెళ్లికి ముందు నేను, ఒక్క దెబ్బకి మా వంశం మొత్తం అమరులమైపోయాం, వాడు తప్ప.

నన్ను వెతుక్కుంటూ ఒక కుర్రవయసు జవాను దగ్గరికొచ్చాడు. తిల్దా పక్క పల్లెవాడే, తమ్ముడితో కలిసి పనిచేశాడట, మా ముక్క నాతోపాటు పరిగెత్తడానికి సెలవు పెట్టుకుని వచ్చాడు. అతని బనీను మీద ఇంటిపేరు.

"దీదీ, ఈయనెవరు?" అన్నాడు నా ఛాతీ మీది పేరు చూపించి.

"ఎవరేంటి? నా తమ్ముడు. నువ్వు ఎవరితో కలిసి పనిచేశావో అతనే."

అతను నమ్మలేనట్టు రెండుసార్లు చదివాడు. ఒకే గుడారంలో పడుకున్నారట, ఒకే కంచంలో తిన్నారట, పేరు మాత్రం తెలీదు! నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలీక అతని మీదే చూపించాను. ఇంటిపేరుకీ మనిషి పేరుకీ తేడా చెప్పి, ఇన్నేళ్లలో మీలో ఒక్కడికైనా అడగాలని తోచలేదా అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు.

"వాడు చెప్పాడు దీదీ" అన్నాడు. "హాజరు పిలిచినప్పుడు అందరికన్నా గట్టిగా అరిచేవాడు. నీ పేరంటే నీకంత మోజేమిట్రా అని ఏడిపించేవాళ్లం. ఇది నా పేరు కాదురా, మా నాన్నదీ మా తాతదీ, అందుకే గట్టిగా పలుకుతా అనేవాడు. మేం అదేదో సరదాకి అంటున్నాడనుకున్నాం."

నేను ఇన్నేళ్లూ పళ్లు కొరుకుతున్న పేరుని వాడు ఇష్టంగా మోశాడన్నమాట. ఆ సంగతి నాన్నకి తెలిస్తే ఎంత బావుండేది. నాన్న లేడు.

మోవాలో బస్సు దింపింది. మాకు ముందు పరిగెత్తుకొచ్చిన వాళ్లు చేతి జెండా ఇచ్చారు. అతనూ నేనూ పక్కపక్కన బయల్దేరాం, అతని మీద ఇంటిపేరు, నా మీద పేరు. ఇద్దరం కలిస్తేగాని ఒక మనిషి పూర్తి పేరు కాదు. రోజూ పరిగెత్తే దారే, ప్రతి గొయ్యీ తెలిసిందే. అయినా ఆ రోజు దారి అస్సలు తరగలేదు. బుర్రంతా హాజరు పిలిచే మైదానంలోనే ఉంది. మా ఆయన అమ్మని ఆటోలో తీసుకొచ్చి ఉంటాడు, ముందు వరసలో కూచోబెట్టి ఉంటారు. నేను చేరేలోపే పిలవమంటే? గొంతు పెగలకపోతే? వాళ్లు టక్కున కాగితం చదివేస్తే?

"దీదీ, మెల్లగా. ఇంకా దూరముంది" అంటున్నాడు అతను.

మెల్లగా వెళ్లడం నాకు చేతనైతే కదా. పండరీలో దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. గుడ్డల మూటలు మోసేవాళ్లు మూటలు దించి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరో పూలు విసిరారు, ఒకటి కంట్లో పడింది. పొద్దున పలకరించే పాలవాడు సైకిలాపి నా బనీను మీది పేరు పైకి చదివాడు. తమ్ముడి పేరు ఈ ఊళ్లో ఒక పరాయివాడి నోట వినడం నాకదే మొదటిసారి. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూ పరిగెత్తితే ఊపిరి ఆడదు, డొక్కలో పట్టేసింది, అయినా ఆగలేదు.

మైదానంలోకి వెళ్లేసరికి హాజరు మొదలైపోయింది. షామియానా కింద తల్లులు వరసగా కుర్చీల్లో ఉన్నారు. ఎదురుగా పరిగెత్తి వచ్చినవాళ్లందరూ చెమటలతో బారులు తీరి నిలబడ్డారు. ఒక ఛత్తీస్‌గఢీ ముసలామె మైకు పట్టుకుని కొడుకు పేరు పిలుస్తోంది. పిలిచినప్పుడల్లా "హాజిర్!" అని మైదానం దద్దరిల్లుతోంది. మూడోసారి అయ్యాక ఆవిడ మొహంలో ఒక తృప్తి కనిపించింది. నేను అమ్మ కుర్చీ పక్కకి చేరి నేల మీద కూలబడ్డాను, నాతో పరిగెత్తిన జవాను కూడా వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. అమ్మ చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"నోరెండిపోతందే. రాదేమో" అంది.

"వస్తుంది. నేనున్నాను కదా."

సుబేదారు మైకు తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ లేవలేదు. ఆయన ఆగాడు. జనం ఆగారు. ఎక్కడో వెనక ఒక బిడ్డ ఏడుస్తోంది. ఆయన నా వైపు జాలిగా చూసి, రెండో చేత్తో కాగితం తీశాడు. కాగితం విప్పుతున్న ఆ చేతిని పట్టుకుని ఆపాలనిపించింది. సగం లేచాను కూడా.

ఈలోగా అమ్మే లేచింది. నా భుజం మీద బరువంతా వేసి లేచి, నాకు మాత్రమే వినబడేలా అంది, "మావ పోయాడు, మీ నాన్న పోయాడు. ఇంకెవుల ఆయుష్షు తగ్గుద్దని దాసుకోవాలే." మైకు తీసుకుంది.

తీసుకుని పిలిచింది. చాలా చిన్నగా, ఎవరిదో వస్తువు అడక్కుండా ముట్టుకున్నట్టు. అయినా పూర్తిగా పిలిచింది. వాడు పుట్టిన తరవాత, పోయిన తరవాత, అమ్మ నోట వాడి పేరు నేను మొదటిసారి విన్నాను.

"హాజిర్!" అన్నారు అందరూ.

అమ్మ ఉలిక్కిపడి బారుల వైపు చూసింది. రెండోసారి పిలిచింది. ఈసారి గొంతు లేచింది. క్వార్టర్ల మెట్ల మీద నిలబడి వీధి చివరికి వినబడేలా పిలిచే గొంతు. "హాజిర్!" మూడోసారి పిలిచింది. నా పక్కనుంచే ఆ పల్లె జవాను, ఇప్పుడే నేర్చుకున్న ఆ పేరుకి, నరాలు తెగేలా పలికాడు. నాకు గుండెల మీంచి బరువు దిగిపోయింది. గెలిచాననుకున్నాను. వాడి పేరు వాడికి ఇప్పించాను, ఇంక ఇంటికి వెళ్లొచ్చు అనుకున్నాను.

సుబేదారు మైకు కోసం చెయ్యి చాపాడు. అమ్మ ఇవ్వలేదు. నాలుగోసారి పిలిచింది.

జనం తడబడ్డారు. మూడుసార్లే కదా అని కొందరు ఊరుకున్నారు, కొందరు హాజిర్ అన్నారు. అమ్మ మైకులోనే తెలుగులో వాళ్లతో అంది.

"మీరు కాదు బాబూ. మీరు ఊరుకోండి. ఆణ్ణి పలకనియ్యండి."

అక్కడ తెలుగు వచ్చినవాళ్లెవరు? తల్లి తన భాషలో మళ్లీ కొడుకుని పిలుస్తోందనుకున్నారు. పాపం అందరూ, ఆగినవాళ్లు కూడా, ఇంతకు ముందెప్పుడూ లేనంత గట్టిగా "హాజిర్!" అన్నారు. నేను చెవులు మూసుకున్నాను.

"మాతాజీ ఏమంటున్నారు?" అని సుబేదారు నన్నడిగాడు.

చెప్పకూడదనుకున్నాను. అమ్మ నా వైపు చూస్తోంది, చెప్పవే అన్నట్టు. హిందీలో చెప్పాను. మైకు దగ్గరే ఉంది కాబట్టి ఆ మాట అందరికీ వినబడింది.

ఆయన బారుల వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఎవరూ కదల్లేదు. చప్పట్లు లేవు, నినాదాలు లేవు. పక్కన ఆ జవాను కళ్లు గట్టిగా మూసుకుని పెదవి కొరుక్కుంటున్నాడు. అమ్మ గొంతు సవరించుకుని, వాడి పేరు పెట్టి మళ్లీ పిలిచింది.

ఎవరూ పలకలేదు.

అమ్మ విన్నది. చాలాసేపు విన్నది. తరవాత మైకు సుబేదారు చేతిలో పెట్టి నా వైపు తిరిగింది.

"పోయాడే" అంది. అని, నన్ను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.